మా మిద్దె మీద టమాటా ఆకులు ముడుచుకున్నప్పుడు

పోయిన ఫిబ్రవరి 3వ వారంలో ఒక పొద్దున నీళ్లు పోద్దామని మిద్దె ఎక్కాను. పడమటి పిట్టగోడ పక్కన ఉన్న టమాటా మొక్కల కింది ఆకులన్నీ గొట్టాల్లా చుట్టుకుని ఉన్నాయి. ముందురోజు సాయంత్రం కూడా కొంచెం ముడుచుకున్నట్టు అనిపించింది కానీ ఎండకు వాడి ఉంటాయిలే అనుకున్నాను. రాత్రంతా చల్లబడ్డాక కూడా తేరుకోలేదంటే అది వాడటం కాదు. మిగతా మొక్కల దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకో 3 మొక్కల్లో చిగుర్లు కూడా సరిగ్గా లేవు. మొత్తం 11 మొక్కల్లో 7 మొక్కలకు ఏదో ఒక ముడత. పూత మీదున్న మొక్కలు. నిజంగా కడుపులో తిప్పినట్టయింది.

మేము హైదరాబాద్‌లో నాగోలు దగ్గర ఉంటాం. 2023 జూలైలో టమాటా కిలో 150 రూపాయలు దాటినప్పుడు, ఇంటి ఓనర్‌ని అడిగి మిద్దె మీద కుండీలు పెట్టుకున్నాను. అప్పటినుంచి వానాకాలంలో, చలికాలంలో టమాటా బాగానే పండింది. ఎండాకాలం పంట వేయడం మాత్రం ఇదే మొదటిసారి. డిసెంబర్‌లో పీకేఎం-1 అనే టమాటా రకం విత్తనాలు నారు పోసుకుని, జనవరి మధ్యలో 8 మొక్కలు నాటాను. కొన్ని విత్తనాలు మొలవలేదు కాబట్టి ఒక నర్సరీ నుంచి 3 మొక్కలు తెచ్చి కలిపాను. 15 అంగుళాల గ్రో బ్యాగులు 8, పెయింట్ డబ్బాలు 3. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి), మాగిన పశువుల ఎరువు సమానంగా, బ్యాగుకు ఒక గుప్పెడు వేపపిండి. ఈ వివరాలన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జవాబు దొరికింది వీటిలోనే.

మొదటి 4 రోజులు నేను చేసినవన్నీ తప్పులే. విత్తనాల షాపులో అడిగితే వైరస్ అన్నారు, అన్నీ పీకేయమన్నారు. పక్కింటి ఆంటీ కాల్షియం లోపం అని చెప్పి గుడ్డు పెంకుల పొడి ఇచ్చారు. ఇంకొకరు పుల్లటి మజ్జిగలో ఇంగువ కలిపి చల్లమన్నారు. వాళ్లందరూ మంచి మనసుతోనే చెప్పారు. కానీ ఎవరూ మొక్కను చూడలేదు, నేను కూడా సరిగ్గా చూడలేదు. అన్నీ చేశాను. అవి చాలవన్నట్టు లీటరు నీళ్లకు 10 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి పొద్దున 11 గంటలకు అన్ని మొక్కల మీదా కొట్టాను. అది మామూలుగా చెప్పే 5 మిల్లీలీటర్లకు రెట్టింపు, పైగా ఎండ వేళ. మర్నాటికి బాగున్న మొక్కల ఆకుల మీద కూడా కాలినట్టు గోధుమరంగు మచ్చలు వచ్చాయి. ముడతకు కారణం తెలియలేదు సరికదా, చూసి తెలుసుకోవడానికి ఉన్న గుర్తులు కూడా చెదిరిపోయాయి.

అప్పుడు బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఖమ్మం జిల్లాలో 20 ఏళ్లుగా మిరప పండిస్తున్నాడు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మిరప తోటలు పోయినప్పుడు బాబాయ్ కూడా పంట పోగొట్టుకున్నాడు. ఆకుముడత అంటే ఆయనకు మాట వరసకు చెప్పుకునే సంగతి కాదు.

"ఫొటోలు పంపనా బాబాయ్?" అన్నాను.

"ఫొటో తర్వాత పంపుదువుగానీ, ముందు నేనడిగినవి చెప్పు. ముడత ముదురాకులోనా, లేతాకులోనా? పైకి ముడిచిందా, కిందికా? ఆకు తిప్పి చూశావా?"

ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు.

"మిరపలో అయితే ఆకు పైకి దోనెలా ముడిస్తే పై ముడత, అది తామర పురుగు. కిందికి వంగి, ఆకు సన్నబడి, కాడ సాగితే కింద ముడత, అది నల్లి. మొక్కే కురచగా ఆగిపోయి, ఆకులు చిన్నవై గుబురుకడితే బొబ్బర. అది తెల్లదోమ తెచ్చే వైరస్. నీది టమాటా కాబట్టి ఇంకోటి కూడా ఉంది. టమాటా ఎండకు, నీటి తేడాకు కూడా కింది ఆకు చుడుతుంది. అది రోగం కాదు. నువ్వు అన్నీ ఒకటే అనుకుంటున్నావు. ఒక్కో మొక్కా విడిగా చూసుకో. చూసేదాకా ఇంకే మందూ కొట్టకు."

ఆ సాయంత్రమే కుండీలకు సుద్దతో 1 నుంచి 11 దాకా నంబర్లు వేశాను. నోట్‌బుక్‌లో మిద్దె బొమ్మ గీసి ఎవరు ఎక్కడ ఉన్నారో రాసుకున్నాను. ప్రతి మొక్కకూ 4 ప్రశ్నలు: ఏ వయసు ఆకు, ఎటు ముడత, ఆకు కింద ఏముంది, పక్కన ఏ మొక్క ఉంది. 11 మొక్కలకు గంటన్నర పట్టింది. చీకటి పడ్డాక ఫోన్ టార్చి వేసుకుని చూశాను. ఆ గంటన్నరలో నాకు తెలిసింది, అంతకుముందు 4 రోజుల్లో తెలిసినదానికంటే ఎక్కువ.

మొదట పడమటి వరుస. 1 నుంచి 4 నంబర్ల మొక్కలు. ముడత పూర్తిగా కింది ఆకుల్లో, ముదురాకుల్లో. ఆకు అంచులు నడి ఈనె వెంబడి పైకి లేచి గొట్టంలా చుట్టుకున్నాయి. పట్టుకుంటే మందంగా, తోలులా ఉంది, కానీ రంగు పచ్చగానే ఉంది. ఆకు కింద పురుగు లేదు, మచ్చ లేదు. చిగుర్లు చక్కగా విప్పుకుని ఉన్నాయి, పూత కూడా ఉంది. 4 మొక్కలకూ ఒకే రకం. బాబాయ్ చెప్పిన ఎండ ముడత ఇదే. దీన్ని మొక్క తన తేమను కాపాడుకోవడానికి చేసుకునే పని అని అర్థం చేసుకోవచ్చు. ఆకు చుట్టుకుంటే ఎండ తగిలే భాగం తగ్గుతుంది.

మరి ఆ 4 మొక్కలకే ఎందుకు? మధ్యాహ్నం 3 గంటలకు ఎక్కి చూస్తే తెలిసింది. నల్ల బ్యాగులు, పడమటి ఎండ, వెనక వేడెక్కిన సిమెంటు గోడ. బ్యాగు పక్కన చేయి పెట్టి ఉంచలేకపోయాను. చెప్పుల్లేకుండా స్లాబు మీద నిలబడలేం, వేర్లు మాత్రం ఆ వేడి మీదే కూర్చున్నాయి. పైగా వారం ముందు ఒకే రోజు ఈ 4 మొక్కల పక్క పిలకలన్నీ తుంచేశాను. పూత త్వరగా రావాలని 10 రోజుల తేడాతో రెండుసార్లు ఎరువు వేశాను. ఎండ, ఎక్కువగా తుంచడం, ఎక్కువ నత్రజని, నీళ్లలో తేడా — ఈ రకం ముడతకు చెప్పే కారణాలన్నీ నేనే ఒకచోట చేర్చాను.

నీళ్ల సంగతి ఇంకా వివరంగా చెప్పాలి. పైన మట్టి ఎండిపోయి కనిపిస్తే రోజూ పోస్తున్నాను కదా, నీళ్లకు లోటేముంది అనుకున్నాను. 2వ బ్యాగులో పొడవాటి వెదురు పుల్ల అడుగుదాకా గుచ్చి 5 నిమిషాలు ఉంచి తీశాను. పైన 3 అంగుళాలు తడి, మధ్యలో పొడి, అడుగున మళ్లీ బురద. కోకోపీట్ ఒకసారి బాగా ఎండితే నీళ్లను వెంటనే పీల్చుకోదు. నేను పోసే చెంబెడు నీళ్లు బ్యాగు అంచుల వెంబడి కిందికి జారిపోతున్నాయి. అడుగు రంధ్రాలు స్లాబుకు ఆనుకుని మూసుకుపోవడంతో అక్కడే నిలిచిపోతున్నాయి. అంటే ఒకే బ్యాగులో కొన్ని వేర్లకు దాహం, కొన్ని వేర్లకు ఊపిరాడకపోవడం. కుండీల్లో పెంచేవాళ్లు ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఈ పుల్ల పరీక్ష గురించే. పైపైన వేలు పెట్టి చూస్తే ఇది తెలియదు.

బ్యాగుల కింద రెండేసి ఇటుకలు పెట్టి లేపాను. చుట్టూ తడిపిన గోనె సంచి కట్టాను. పైన ఎండు రొట్ట పరిచి, మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు నీడ పడేలా 50 శాతం షేడ్ నెట్ కట్టాను. నీళ్లు ఒకేసారి గుమ్మరించకుండా, కొంచెం పోసి పావుగంట ఆగి మళ్లీ పోయడం మొదలుపెట్టాను. పిలకలు తుంచడం ఆపేశాను. చుట్టుకున్న ఆకులు మళ్లీ విప్పుకోలేదు. మొదట నిరాశపడ్డాను కానీ, ముదిరి మందమైన ఆకు అలాగే ఉండిపోతుంది, పైన వచ్చే ఆకులనే చూడాలి. అవి బాగున్నాయి. ఆ 4 మొక్కలే చివరికి ఎక్కువ కాయలిచ్చాయి.

కాల్షియం మాట కూడా ఇక్కడే తేలిపోయింది. మొక్కలో కాల్షియం పాత ఆకుల్లోంచి కొత్త వాటికి కదలదు. కాబట్టి లోపం ఉంటే ముందు చిగుళ్లలో, కాయల్లో తెలుస్తుంది. కాయ అడుగు నల్లబడి కుళ్లడం దాని గుర్తు. చిగుళ్లు బాగుండి కింది ఆకులు మాత్రమే చుట్టుకున్నప్పుడు గుడ్డు పెంకులకు అక్కడ పనేమీ లేదు. నీళ్లు ఎగుడుదిగుడుగా పోస్తే మట్టిలో కాల్షియం ఉన్నా మొక్కకు అందదన్నది కూడా అప్పుడే అర్థమైంది.

6, 7 నంబర్ల మొక్కలు వేరే కథ. ఈ రెండూ నర్సరీ నుంచి తెచ్చినవి. ఇక్కడ ముడత పై నుంచి మొదలైంది. లేతాకులు చిన్నవై, అంచులు పసుపు తిరిగి, గిన్నెలా పైకి ముడుచుకున్నాయి. కణుపుకీ కణుపుకీ మధ్య దూరం తగ్గిపోయి తల గుబురుగా తయారైంది. స్కేలు పెట్టి కొలిస్తే పక్క మొక్క 2 అడుగులు దాటింది, ఇవి 14 అంగుళాల దగ్గర ఆగిపోయాయి. పూత వచ్చినట్టే వచ్చి రాలిపోయింది. కొమ్మను మెల్లగా కదిపితే బూడిద చల్లినట్టు తెల్లటి దోమలు లేచి మళ్లీ ఆకుల కిందికే వెళ్లాయి. ఆకు తిప్పితే రంగులేని చిన్న పొలుసుల్లా పిల్లదోమలు అతుక్కుని ఉన్నాయి.

బాబాయ్‌కి చెబితే ఒక్క మాట అన్నాడు: "బొబ్బరే అమ్మా. పీకెయ్."

పీకడానికి నాకు 2 రోజులు పట్టింది. మందు ఏమైనా ఉందేమో అని వెతికాను. లేదు. ఇవి జెమినీ వైరస్‌లు. రెండు రేణువులు కవలల్లా అతుక్కుని ఉంటాయి కాబట్టి ఆ పేరు. మన దేశంలో టమాటాకు ఆకుముడత తెచ్చేవి వీటిలో ఒకటి కాదు, చాలా ఉన్నాయి. మొక్క లోపలికి చేరిన వైరస్‌ను తీసేసే మందు రైతు దగ్గరా లేదు, షాపులోనూ లేదు. దోమను చంపవచ్చు, అంతే. వైరస్ ఉన్న మొక్క రసాన్ని అరగంట పీల్చినా దోమకు అది అంటుకుంటుంది. ఒక రోజు గడిస్తే వేరే మొక్కకు ఎక్కించగలదు, బతికినన్నాళ్లూ ఎక్కిస్తూనే ఉంటుంది. నేను ఆలోచిస్తూ ఉన్న ఆ 2 రోజులూ మిగతా మొక్కలకు ప్రమాదమే.

పీకడంలో కూడా పద్ధతి ఉంది. మొక్కను ఊపితే దోమలన్నీ లేచి పక్క మొక్కల మీద వాలతాయి. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు దోమ చురుగ్గా ఉండదు. అప్పుడు వెళ్లి, పెద్ద ప్లాస్టిక్ కవర్ మొక్క మీదుగా దించి, మొదట్లో కోసి, లోపలే మూతి కట్టేశాను. ఆ కవర్‌ను రోజంతా ఎండలో ఉంచి తర్వాత చెత్తబండికి ఇచ్చాను. కంపోస్టు డబ్బాలో వేయలేదు. పసుపు అట్టలకు ఆముదం పూసి, మొక్కల తలల ఎత్తులో 4 చోట్ల కట్టాను. దోమకు పసుపు రంగంటే ఆకర్షణ. మొదటి వారం ఒక్కో అట్టకు పదుల్లో అంటుకున్నాయి, 3వ వారానికి నాలుగైదుకు తగ్గాయి. వేపనూనె ఈసారి లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బునీరు కలిపి, సాయంత్రం 6 తర్వాత, ఆకుల అడుగున మాత్రమే కొట్టాను. అయితే 9వ మొక్కను వదిలేశాను, దాని సంగతి కింద చెబుతాను.

నర్సరీ మొక్కల్లో మూడోది, 8వ నంబర్, చూడటానికి బాగానే ఉంది. కానీ దోమ కుట్టిన తర్వాత మొక్కలో గుర్తులు కనిపించడానికి 2 నుంచి 3 వారాలు పడుతుంది. అందుకే దాన్ని మెట్ల గది అవతలికి మార్చి, పాత దోమతెర కప్పి ఉంచాను. 16వ రోజు దాని చిగురు కూడా పసుపు తిరిగింది. అదే పద్ధతిలో తీసేశాను. నా నారు మొక్కల్లో ఒక్కదానికీ వైరస్ రాలేదు, నర్సరీ మొక్కలు మూడింటికీ వచ్చింది. అవి అక్కడే, తెర లేని నారుమడిలోనే అంటించుకుని వచ్చాయని నా నమ్మకం. మా పక్క ఖాళీ ప్లాటు నిండా వయ్యారిభామ ఉంది. ఈ వైరస్‌లు దాని మీద కూడా బతుకుతాయి కాబట్టి నలుగురం కలిసి అది కూడా పీకించాం.

ఇక 9వ నంబర్. నాకు అన్నింటికంటే ఎక్కువ కాలం అర్థం కానిది ఇదే. ముడత చిగుళ్లలోనే, కానీ వైరస్ మొక్కల్లా పైకి కాదు, కిందికి. ఆకులు సన్నబడి, మెలిపడి, ఫెర్న్ ఆకుల్లా అయ్యాయి. పసుపు లేదు. దోమ కూడా లేదు. కంటికి ఏ పురుగూ కనిపించలేదు. నాకు వెంటనే అనుమానం వచ్చింది కలుపుమందు మీద. ఆ ఒక్క డబ్బాలో పాలు పోసే ఆయన ఇచ్చిన వరిగడ్డి పరిచాను. వరిలో వెడల్పాకు కలుపుకు 2,4-డి వాడతారు. టమాటాకు అది ఏమాత్రం తగిలినా ఆకులు సరిగ్గా ఇలాగే మెలిపడతాయి.

నిర్ధారణకు ఒక తేలిక పరీక్ష చేశాను. ఆ డబ్బాలోని పైమట్టి, గడ్డి కలిపి ఒక గ్లాసులో, కొత్త ఎర్రమట్టి మరో గ్లాసులో పోసి, రెండింటిలోనూ అయిదేసి అలసంద గింజలు నాటాను. పప్పుజాతి మొలకలు ఇలాంటి కలుపుమందులకు త్వరగా లొంగుతాయి. మందు ఉంటే రెండో ఆకులకే మెలిక కనిపిస్తుంది. 12 రోజులు చూశాను. రెండు గ్లాసుల్లోనూ మొలకలు నిటారుగా, ఆకులు చక్కగా విప్పుకుని వచ్చాయి. గడ్డి తప్పు కాదు. పాలాయనను ఏమీ అనకుండా ఆగినందుకు సంతోషించాను.

అప్పుడు నోట్‌బుక్‌లో 4వ ప్రశ్న మళ్లీ చూశాను: పక్కన ఏ మొక్క ఉంది? మిరప. నవంబర్ నుంచి ఆ మిరప ఆకులు కిందికి వంగి, కాడలు సాగి ఉన్నాయి. ముసలిదైపోయిందిలే అని పట్టించుకోలేదు. బాబాయ్ చెప్పిన కింద ముడత అక్షరాలా కళ్ల ముందే ఉంది. నగల పనివాళ్లు వాడే 30 రెట్ల భూతద్దం తెప్పించాను. చిగురు ఆకు అడుగు గాజులా మెరుస్తూ కంచు రంగు తిరిగింది. ఈనెల మూలల్లో పాలిపోయిన చుక్కలు మెల్లగా కదిలాయి. వాటి మధ్య గుడ్లు, పారదర్శకంగా, వాటి మీద వరుసలుగా తెల్లటి బుడిపెలు. ఆ బుడిపెల గుడ్లు తెల్లనల్లివే. ఈ నల్లి మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది, మామూలు కంటికి అందదు. తెల్లదోమ కాళ్లు పట్టుకుని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు కూడా వెళ్తుందట. నెలరోజులుగా వెతికిన దాన్ని కళ్లతో చూసినప్పుడు నాకు కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను. మా అమ్మాయిని పిలిచి చూపించాను. తను చాలాసేపు భూతద్దం వదల్లేదు.

నల్లికి నీటిలో కరిగే గంధకం. ఇక్కడ ఒక జాగ్రత్త. నూనె కొట్టిన 2 వారాల లోపు గంధకం కొడితే ఆకు మాడుతుంది, బాగా ఎండగా ఉన్నప్పుడు కొట్టినా మాడుతుంది. నేను ఈ మొక్కకు రెండోసారి వేపనూనె కొట్టకుండా వదిలేయడం ఇక్కడ కలిసొచ్చింది. ముందు మెలిపడిన చిగుళ్లన్నీ కత్తిరించి కవర్‌లో కట్టేశాను. మిరపకు బాబాయ్ వాడేది లీటరుకు 3 గ్రాములు. మార్చి ఎండ కదా, నేను 2 గ్రాములే కలిపి, మబ్బుపట్టిన ఒక సాయంత్రం ఒక్క కొమ్మ మీద కొట్టి, 2 రోజులు ఆగి చూశాను. మాడలేదు. తర్వాత మొత్తం మొక్కకూ, పక్క మిరపకూ కొట్టాను. 10 రోజులకు ఇంకోసారి. మార్చి నెలాఖరుకు 9వ మొక్కకు పక్క కణుపుల్లోంచి కొత్త చిగుర్లు వచ్చాయి. ఆకులు వెడల్పుగా, తిన్నగా ఉన్నాయి. మిరప కోలుకోలేదు, తీసేశాను.

బాబాయ్‌కి ఈసారి ఫొటోలు పంపాను. 9వ మొక్క కొత్త చిగురు, పక్కనే ఆ పాత ఆకు. "ఇప్పుడు తెలిసిందా, ఏది ఏ ముడతో" అని ఫోన్ చేశాడు. తన మిరప చివరి కోత గురించి చాలాసేపు మాట్లాడాడు.

ఏప్రిల్ 2వ వారం దాకా 8 మొక్కల నుంచి 9 కిలోల దాకా కాయలు వచ్చాయి. ఆ తర్వాత రాత్రులు కూడా వేడెక్కి పూత నిలవలేదు. వైరస్ మొక్కలు తీసిన 3 బ్యాగుల్లో తోటకూర చల్లాను. వచ్చే పంటకు బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) విడుదల చేసిన అర్క రక్షక్ విత్తనం తెప్పించాను. ఆకుముడత వైరస్‌నీ, బాక్టీరియా ఎండు తెగులునీ, ఆకుమాడు తెగులునీ తట్టుకునే హైబ్రిడ్ అది. హైబ్రిడ్ కాబట్టి దాని కాయల్లోంచి విత్తనం తీసి దాచుకుంటే అవే గుణాలు రావు, ప్రతిసారీ కొనాలి. నారు ట్రే మీద ఇప్పుడు సన్నకళ్ల నైలాన్ తెర ఉంది. దాని అంచులు మట్టిలో పాతేశాను. నాటే రోజు వరకు తీయను.